గొయ్యి ఖాళీగా ఉందని అణు వ్యర్థాలా?

సంపాదకులు గారికి,

నమస్కారం. 2047 నాటికి 100 గిగావాట్ల అణు విద్యుత్తు అనే కేంద్రం లక్ష్యం మాటల్లోకి వచ్చినప్పుడల్లా మా ఆఫీసులో ఎవరో ఒకరు నా వైపు తిరుగుతారు. మా ఊరు కేజీఎఫ్, అంటే కోలారు జిల్లాలోని పాత బంగారు గనుల ఊరు. "మీ కేజీఎఫ్ గనులు ఊరికే పడున్నాయి కదా, ఆ చెత్త అందులో వేస్తే సరి" అంటారు. వాళ్లు నవ్వులాటకే అంటారు. 2012 నవంబరులో అది నవ్వులాట కాదు. తమిళనాడులోని కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం కేసులో సుప్రీంకోర్టు ముందు కేజీఎఫ్ పేరు వచ్చిందని తెలిసి మా ఊరి జనం రోడ్డెక్కారు. అలాంటి ఆలోచన లేదని తర్వాత కేంద్రం చెప్పింది.

మా నాయన ఛాంపియన్ రీఫ్‌లో దిగిన మనిషి. ఆ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. అంత లోతున రాయి మీద బరువు ఎక్కువై ఒక్కసారిగా పగిలేది. పైన ఇళ్లల్లో అటక మీద గిన్నెలు గలగలలాడేవి. 2001లో గనులు మూసేశాక నీళ్లు తోడేవాళ్లు లేక సొరంగాలు నిండిపోయాయి. బంగారం ఎటు పోతే అటు తవ్విన చోటు అది. దేన్నైనా వేల ఏళ్లు దాచిపెట్టడానికి ఎంచి తవ్విన చోటు కాదు.

1980లలో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) శాస్త్రజ్ఞులు అక్కడే సుమారు వెయ్యి మీటర్ల లోతున హీటర్లు పెట్టి, అణు వ్యర్థాల నుంచి వచ్చేలాంటి వేడికి రాయి ఎలా మారుతుందో కొన్నేళ్లు పరిశీలించారు. అవి కరెంటు హీటర్లు, వ్యర్థాలు కావు. అయినా "అప్పుడే పాతేశారు" అని నమ్మేవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. వాళ్లను తప్పుపట్టలేను. ఊరికి విషయం చెప్పకపోతే ఊరు తనకు తోచింది చెప్పుకుంటుంది.

పాత గనిలో వేస్తే ఏమవుతుందో జర్మనీ చూసింది. ఆస్సె అనే పాత ఉప్పు గనిలో 1967 నుంచి 1978 దాకా లక్షా పాతిక వేలకు పైగా డ్రమ్ములు దించారు. అవి తక్కువ, మధ్యస్థాయి వ్యర్థాలే. పొడి చోటనుకున్న గనిలోకి రోజూ వేల లీటర్ల నీరు ఊరుతోంది. ఇప్పుడు ఆ డ్రమ్ములన్నీ పైకి తీయాలని చట్టమే చేసుకున్నారు.

ఫిన్లాండ్ ఇంకో దారి పట్టింది. ఎన్నో చోట్ల రాయిని పరీక్షించి, ఓల్కిలువోటో దగ్గర నాలుగు వందల మీటర్లకు పైగా లోతున కొత్తగా తవ్వింది. కాదనే హక్కు స్థానిక మండలికి ఉంది. ఆ మండలి 2000లో ఓటేసి ఒప్పుకున్నాకే పార్లమెంటు తలూపింది.

అణు విద్యుత్తు వద్దనడం నా ఉద్దేశం కాదు. వాడిన ఇంధనాన్ని మన దగ్గర శుద్ధి చేసి, మిగిలిన దాన్ని గాజులో కలిపి స్టీలు డబ్బాల్లో పోస్తున్నారు. అందులో సీసియం-137 సగానికి తగ్గడానికి 30 ఏళ్లు చాలు, కాస్తో కూస్తో మిగిలే ప్లుటోనియం-239కి 24 వేల ఏళ్లు కావాలి. లోతైన భూగర్భ నిల్వ ఇప్పట్లో అవసరం లేదని అణుశక్తి శాఖ అంటోంది. మంచిదే, తొందర లేనప్పుడే చోటు వెతకడం మొదలుపెట్టాలి. ఏ ఊరి పేరూ ఎత్తకముందే ఎంపిక నియమాలు బయటపెట్టాలి.

ఈ మాట బెంగళూరు నుంచి రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. ఖాళీ క్వారీ కనిపిస్తే చెత్త లారీ తోలే నగరం మనది. నగరం చెత్తంతా మోసిన శివారు ఊరు మండూరు వాళ్లు తిరగబడితే గానీ 2014లో అక్కడ లారీలు ఆగలేదు. శుద్ధి చేసిన మన మురుగునీరు 2018 నుంచి కోలారు చెరువులకు పోతోంది. ఏడాది పొడుగునా పారే నది లేని జిల్లా కాబట్టి వాళ్లు దాన్నీ పట్టుకున్నారు. ఆ జిల్లాలో బోర్లు వెయ్యి అడుగులు దాటాయి.

అందుకే నా కోరిక చిన్నది. ఆ బోర్ల నీళ్లకూ గనుల్లో నిండిన నీళ్లకూ ఎక్కడైనా సంబంధం ఉందేమో తేల్చి, మ్యాపు వేసి, కన్నడంలో, తెలుగులో, తమిళంలో కేజీఎఫ్ తాలూకా ఆఫీసు గోడకు అంటించమనండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కృష్ణరాజపురం, బెంగళూరు