భాగించకుండానే తేలిన లెక్క

పర్లాకిమిడి,
ఆదివారం పొద్దున్న

ఒరేయ్ సూరీ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకోకు. అమ్మ మోకాలు కాస్త నయం. చెల్లికి బరంపురం సంబంధం కుదిరేలా ఉంది, వివరాలు తరవాత రాస్తాను. ముందు ఒక లెక్క చెప్పాలి, కడుపులో ఆగట్లేదు.

2024 అక్టోబరులో ల్యూక్ డ్యూరాంట్ అనే అమెరికా అతను పట్టుకున్న ప్రధాన సంఖ్య (ఒకటితో, తనతో తప్ప దేంతోనూ భాగం పోనిది) సంగతి విన్నావు కదా? రెండుని 13,62,79,841 సార్లు వేసి గుణించి, ఒకటి తీసేస్తే అది. 4,10,24,320 అంకెలు! సెకనుకో అంకె చొప్పున తిండీ నిద్రా మాని చదివినా ఏడాది మీద మూడున్నర నెలలు పడుతుంది. ట్యూషన్‌లో ఈ మాటే చెప్తే ఒకడు లేచాడు. బడిలో ఒడియా మీడియం, ఇంట్లో తెలుగు, ఎక్కాలు మాత్రం ఒడియాలోనే గొణుక్కుంటాడు. "దేంతోనూ భాగం పోదని ఎలా తెలిసింది సార్? అన్నిటితో భాగించి చూశారా?"

ఎంత మంచి ప్రశ్నరా! అన్నిటితో భాగిస్తూ కూర్చుంటే ప్రపంచంలో కంప్యూటర్లన్నీ కలిసినా తెమలదు. ఆ అవసరం లేకుండా ల్యూకా అనే ఫ్రెంచి ఆయన దారి వేస్తే, 1930లో లెహ్మర్ అనే అమెరికా గణితజ్ఞుడు దాన్ని ఇంకా సులువు చేశాడు.

వాడి చేతే బోర్డు మీద 127కి చేయించాను. అంటే ఏడు రెళ్ళు గుణించి ఒకటి తీసింది. 4తో మొదలు. వర్గం చెయ్యి, రెండు తియ్యి, 127తో భాగించి శేషం ఉంచుకో. మళ్ళీ అదే. 14 వచ్చింది, తరవాత 67, 42, 111. అక్కడ సుద్దముక్క ఆగింది. 111 వర్గం 12,321, రెండు తీస్తే 12,319. పక్కన 127ని 97తో గుణించాడు. అదే 12,319! శేషం సున్నా! ఏడులో రెండు పోతే ఐదు. ఐదో మెట్టులో సున్నా వస్తేనే అది ప్రధాన సంఖ్య, వచ్చింది. వాడు ఆ సున్నా చుట్టూ ఇంకో సున్నా చుట్టాడు.

2047కి, అంటే పదకొండు రెళ్ళు గుణించి ఒకటి తీసినదానికి చేస్తే, తొమ్మిదో మెట్టులో 1736 మిగిలింది. మిగలదూ మరి, అది 23 ఇంటూ 89.

ఆ పెద్దదానికీ చివరికి ఇదే పరీక్షరా! 13,62,79,839 మెట్లు. డబ్లిన్‌లో ఒక జీపీయూ (లెక్కలు మహా వేగంగా చేసే కంప్యూటర్ చిప్పు) అక్టోబరు 11న ఇది ప్రధాన సంఖ్య కావచ్చంది, మర్నాడు టెక్సాస్‌లో ఇంకోటి ఈ పరీక్షతో ఖాయం చేసింది. 1876లో ల్యూకా మాత్రం కంప్యూటర్ లేకుండా చేత్తోనే, 127 రెళ్ళు గుణించి ఒకటి తీసిన 39 అంకెల సంఖ్యని తేల్చాడు. ఆ ఓపిక తలుచుకుంటే నాకు కళ్ళు చెమరుస్తాయి.

దీనికి 6, 28 లాంటి పరిపూర్ణ సంఖ్యలతో (తనని వదిలి మిగతా భాజకాలన్నీ కూడితే తానే వచ్చేవి) చుట్టరికం కూడా ఉంది, అది మరీ... చిన్నాన్న హారన్ కొడుతున్నాడు. పాతపట్నం వెళ్తూ అక్కడి పోస్టులో ఈ కవరు వేస్తాడట. నువ్వు 8191కి (పదమూడు రెళ్ళు గుణించి ఒకటి తీసింది) చేసి చూడు, పదకొండో మెట్టు. వస్తున్నా చిన్నా