కూత వినిపించేదాకా ఆగొద్దు

సంపాదకులకు నమస్కారం.

కోరింత దగ్గు అనగానే గుక్క తిప్పుకోకుండా దగ్గి, చివర కూతలాంటి శబ్దంతో ఊపిరి లాక్కునే పిల్లవాడే గుర్తుకొస్తాడు. పత్రికలూ అదే వర్ణిస్తాయి. నెలల పసికందుల్లో చాలామందికి ఆ కూతే రాదు. అంత బలంగా గాలి పీల్చే శక్తి వాళ్లకుండదు. దగ్గు కూడా అంతంతమాత్రమే. ఉన్నట్టుండి ఊపిరి ఆగుతుంది, పెదాలు నీలంగా మారతాయి, పాలు తాగలేక బిడ్డ వాలిపోతుంది. ఇవి కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. దగ్గు సిరప్ పట్టి చూద్దామనుకోకూడదు.

బిడ్డకు ఇది సోకేది ఎక్కువగా ఎత్తుకునేవాళ్ల నుంచే. పెద్దల్లో మొదటి వారం రెండు వారాలు ఉత్త జలుబులా ఉంటుంది, బాగా అంటుకునేదీ అప్పుడే. మందు వాడకపోతే దగ్గు మొదలయ్యాక మూడు వారాల దాకా అంటిస్తూనే ఉంటారు. చిన్నప్పుడు టీకా వేశారనో, ఒకసారి వచ్చిపోయిందనో ధీమా పనికిరాదు. రెండింటి రక్షణా ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోతుంది.

బిడ్డకు ఈ జబ్బు టీకా తొలి డోసు సాధారణంగా 6 నుంచి 8 వారాల వయసులో పడుతుంది, దానితోనే పూర్తి రక్షణ రాదు. ఈ ఖాళీని పూడ్చేది గర్భిణికి వేసే టీడాప్ టీకా, అంటే ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు మూడింటికీ కలిపి వేసే సూది. తల్లిలో యాంటీబాడీలు (రోగక్రిములతో పోరాడే రక్షక పదార్థాలు) పెరగడానికి సుమారు రెండు వారాలు పడుతుంది, ఆపైన అవి మాయ ద్వారా బిడ్డకు చేరాలి. అమెరికాలో గర్భం 27-36 వారాల మధ్య, వీలైతే అందులోనూ ముందుగా వేయమంటారు. బ్రిటన్‌లో 16వ వారం నుంచే వేయించుకోవచ్చు. ఆ యాంటీబాడీలు త్వరగా తగ్గిపోతాయి కాబట్టి ప్రతి గర్భంలోనూ మళ్లీ వేయాలి.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతోంది. ధనుర్వాతం సూది పడిందిగా, చాలనుకుంటారు. టీటీ ఒక్క ధనుర్వాతానికి, టీడీ ధనుర్వాతం, కంఠసర్పిలకు; రెండింటిలోనూ కోరింత దగ్గు టీకా ఉండదు. పేర్లు దగ్గరగా ఉండటంతో కార్డు చూసినవాళ్లూ పొరబడతారు. గర్భిణుల కార్డులో టీడాప్‌కు విడిగా ఒక గడి ఉండాలి, వేసిన తేదీతో సహా.

కాన్పయ్యాక తల్లి వేయించుకుంటే మాయ దారి అప్పటికే మూసుకుపోయి ఉంటుంది. ఇంట్లో మిగతావాళ్లు బిడ్డ దగ్గరికి వచ్చేందుకు రెండు వారాల ముందే వేయించుకోవాలి. అయినా టీకా పడినవాళ్లూ అంటించవచ్చు కనుక, దగ్గుతున్నవాళ్లు ఎంత దగ్గరి బంధువైనా బిడ్డను ఎత్తుకోకూడదు. మొహమాటం ఇక్కడ పనికిరాదు.

ఇంట్లో ఒకరికి జబ్బని తేలితే, దగ్గు లేకపోయినా ఇంటిల్లిపాదికీ, బిడ్డతో సహా, డాక్టరు సలహాతో యాంటీబయాటిక్ ఇవ్వాలి. రోగికి దగ్గు మొదలైన 21 రోజుల్లోపు ఇస్తేనే ఫలితం. సాధారణంగా అజిత్రోమైసిన్ ఐదు రోజులు. నెలలోపు బిడ్డకు ఎరిత్రోమైసిన్ వాడితే జీర్ణాశయం చివరి ద్వారం ఇరుకై పాలు ముందుకు కదలని స్థితి రావచ్చు, అందుకే అజిత్రోమైసిన్‌కు మొగ్గు. ఆలస్యంగా మొదలుపెడితే మందు వల్ల దగ్గు తగ్గదు. అది చూసి మందు పనిచేయలేదని మూడో రోజుకే మానేస్తారు. పెద్దలు ఆ ఐదు రోజులూ మింగేది బిడ్డకు అంటకుండా ఉండేందుకు, తమ దగ్గు తగ్గడానికి కాదు. దగ్గున్నది తల్లికే అయితే పాలు మాన్పించనక్కర్లేదు. మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని, మందు వేసుకుంటూ పట్టవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకురాలు