నల్లగొండ వృద్ధాశ్రమంలో మా అమ్మను చూసుకుంటున్న అక్కకు

అక్కా, నీ పేరు ఇక్కడ రాస్త లేను, రాస్తే తిడతవని తెలుసు.

మా అమ్మది మర్రిగూడ దిక్కు. ఫ్లోరైడ్ నీళ్లు తాగీ తాగీ నడుము, మోకాళ్లు కట్టెలెక్క బిగుసుకుపోయినయ్. అసుంటి మనిషిని చెయ్యి పట్టి గుంజి లేపితే ప్రాణం పోయినంత పనైతది. నువ్వు ముందుగాల చెప్పి, భుజం కింద ఒక చెయ్యి, మోకాళ్ల కింద ఇంకో చెయ్యి పెట్టి మెల్లగ ఒత్తిగిలబెడతవు. పుండ్లు పడొద్దని రెండు గంటలకోసారి, నడిరాత్రి సుత. ఇప్పుడు అమ్మ వీపు మీద ఒక్క పుండు లేదు. ఇంతకుముందు వేరే ఆశ్రమంలో ఉంచినప్పుడు ఆ మాట అనేటట్టు లేకుండె.

అక్కడ కాలక్షేపమంటే పొద్దంతా టీవీ సీరియళ్లే. ముసలోళ్లకు ఇంకేం కావాలని వాళ్ల లెక్క! నువ్వు బతుకమ్మకు హాల్లో పేపర్లు పరిచి తంగేడు, గునుగు కుప్ప పోసినవ్. నిలబడలేనోళ్లకు పూలు తుంచే పని, కండ్లు కనబడనోళ్లకు పాట అందుకునే పని. గునుగు కొసలకు రంగు అద్ది అద్ది అమ్మ వేళ్లన్నీ గులాబి అయినయ్. మాట్లాడుడే మరిచిందనుకున్న మనిషి, నువ్వు చరణం తప్పు పాడంగనే "అట్ల కాదు బిడ్డా" అని మొత్తం పాడి వినిపించింది. కావాలనే తప్పు పాడినవని నా అనుమానం.

రాత్రిపూట హాలంతటికీ నువ్వొక్కదానివే. ఇంకో మనిషిని పెట్టమని ఆఫీసుల అడిగినం, మళ్ల అడుగుతం.

సంక్రాంతికి వస్తున్నం. చీర తెస్తే తీసుకోవు, సకినాలైతే వద్దనకు.