బెల్లం వేసి షుగర్ వాళ్ళ స్వీటు అనకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం వంటల పేజీ మా ఇంట్లో అందరం చదువుతాం. మా అత్తమ్మ అయితే నచ్చిన వంటలు కత్తిరించి డబ్బాలో దాచుకుంటుంది కూడా. ఆమెకు షుగర్ ఉంది, గోలీలు వాడుతుంది, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. షుగర్ ఉన్నవాళ్ళ కోసం అని పైన పెద్ద అక్షరాలతో వేసి కింద ఖర్జూరాల కోవా, బెల్లం పాయసం, తేనె కలిపిన రాగి పుడ్డింగ్ ఇస్తున్నారు. మీ పేపరే కాదు, టీవీల్లోనూ ఇదే వరస. చక్కెర వేయలేదు కదా అని జనం రెండు గిన్నెలు తింటారు. 100 గ్రాముల బెల్లంలో 80 గ్రాములకు పైనే కార్బోహైడ్రేట్లు (కార్బ్స్, అంటే చక్కెర, పిండి పదార్థాలు) ఉంటాయి, తేనె కూడా దానికి దగ్గరే, ఎండు ఖర్జూరం 70 దాటుతుంది. రాగులు, జొన్నలు మంచి తిండే, మేమూ తింటాం, కానీ వాటి పిండిలోనూ మూడింట రెండు వంతులు కార్బోహైడ్రేట్లే. అవన్నీ చివరికి రక్తంలో చక్కెరగానే తేలతాయి.

మాది మిర్యాలగూడ. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు, వరి పొలాలు, ఎటు చూసినా రైస్ మిల్లులు. ఇలాంటి చోట అన్నం తగ్గించమని డాక్టర్ చెప్తే ఇంట్లో పెద్దవాళ్ళకు అదే పెద్ద టెన్షన్. అన్నం తగ్గించినా సర్దుకుంటారు గానీ పండుగ పూట పక్కనోళ్ళు పాయసం తింటుంటే చూస్తూ కూర్చోవడం వాళ్ళ వల్ల కాదు, ఆఖరికి ఒక చెంచాతో మొదలుపెట్టి గిన్నె పూర్తి చేస్తారు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళ సర్వే 2023లో వచ్చింది, దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్లు దాటారని. అంటే మీ పేజీ చదివేవాళ్ళలో వీళ్ళు తక్కువేం కాదు.

నేను చెప్పాలనుకున్నది ఇది. పాయసంలోనో బాసుందిలోనో మనకు నచ్చే ఆ కమ్మదనం, నాలుక మీద జారే మెత్తదనం ఎక్కువగా మీగడ వల్ల వచ్చేవి, చక్కెర ఇచ్చేది ముఖ్యంగా తీపి. కాబట్టి కార్బ్స్ తగ్గించుకున్నవాళ్ళకు కూడా మంచి మీగడ స్వీటు చేసి పెట్టొచ్చు, దానికి ఆన్‌లైన్‌లో ఖరీదైన పొడులేవీ తెప్పించక్కర్లేదు, బర్రె పాలు, కొబ్బరి, గుడ్లు, సొరకాయ చాలు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది, మీ వంటల్లో దీని గురించి ఎప్పుడూ రాయరు. చక్కెర వేయకుండా పాలు మరిగించి చిక్కబరిస్తే అది తక్కువ కార్బ్స్ స్వీటు అయిపోదు. పాలలోనే లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది, లీటరుకు దాదాపు 50 గ్రాములు. పాలు మరిగి పావు లీటరు అయినా పోయింది నీళ్ళే, లాక్టోజ్ అంతా ఆ గిన్నెలోనే ఉంటుంది. నలుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి 12 గ్రాములు, అదీ ఒక్క చెంచా చక్కెర వేయకముందే. కోవా సంగతీ అంతే. అదే పెరుగును పలుచని బట్టలో మూటకట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో గిన్నె మీద వేలాడదీస్తే, లాక్టోజ్‌లో చాలా భాగం కారిపోయిన నీటితోపాటే పోతుంది. తోడుకున్నప్పుడే కొంత తగ్గి ఉంటుంది కూడా. మిగిలిన గట్టి పెరుగులో చల్లని మీగడ, యాలకుల పొడి, నానబెట్టిన కుంకుమపువ్వు వేసి గిలక్కొడితే ఎంత నున్నగా వస్తుందో చేసి చూడాల్సిందే. మీగడ మాత్రం ఆ రోజుదే కావాలి, వారం దాచిన మీగడ పులిసి వాసన వస్తుంది. పాలు కాచి చల్లార్చి రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే పైన మందంగా కడుతుంది, దాన్ని తీసి మిక్సీలో రెండు మూడు సార్లు తిప్పి ఆపాలి, ఇంకాస్త తిప్పితే వెన్న పడుతుంది.

సొరకాయ ఖీర్ మా వైపు పెళ్ళిళ్ళలో పెడతారు. దాంట్లో సగ్గుబియ్యం వేస్తారు చూడండి, అసలు ఇబ్బంది దానితోనే, సగ్గుబియ్యం అంటే దాదాపు ఒట్టి పిండిపదార్థం. అది మానేసి, తురిమిన సొరకాయను నీళ్ళు పిండి నేతిలో వేయించి, రెండోసారి తీసిన పలుచని కొబ్బరి పాలలో ఉడికించి, నానబెట్టి పొట్టు తీసిన బాదం ముద్ద కలిపితే చిక్కదనం దానంతటదే వస్తుంది. మొదటి చిక్కని కొబ్బరి పాలు పొయ్యి ఆపాకే పోయాలి, లేకపోతే విరుగుతాయి.

ఇక జున్ను. ఊళ్ళో బర్రె ఈనినప్పుడు దూడ కడుపునిండా తాగాక మిగిలిన పాలతో చేసే జున్ను కంటే గొప్ప పుడ్డింగ్ నాకు తెలియదు. ఆ పాలలో మామూలు పాలకంటే లాక్టోజ్ తక్కువ, ప్రొటీన్ చాలా ఎక్కువ, ఆవిరి తగిలితే చాలు అదే గడ్డకడుతుంది. బెల్లం ఆపేసి మిరియాలు, యాలకులు వేస్తే చాలు. జున్ను పాలు దొరకని పట్నం వాళ్ళు రెండు గుడ్లు, సగం పాలు సగం మీగడ కలిపిన పావు లీటరుతో చేసుకోవచ్చు. వడకట్టి, గిన్నె మీద మూత పెట్టి, సన్న మంట మీద ఆవిరికి ఉంచాలి. మంట పెద్దదైతే గుంతలు పడి నీరు వదులుతుంది. గుడ్డు తిననివాళ్ళకు చైనా గ్రాస్ ఉంది, ఇఫ్తార్‌లో మా ముస్లిం పక్కింటివాళ్ళు పంపేది దానితోనే. సముద్రపు నాచుతో చేసేది కాబట్టి శాకాహారమే. ముందు నీళ్ళలో నానబెట్టి పూర్తిగా కరిగేదాకా మరిగించి, గోరువెచ్చని కొబ్బరి పాలలో పోయాలి, చల్లటి పాలలో పోస్తే ఉండలు కడుతుంది.

తీపి కోసం ఏం వాడాలో కూడా మీరు సూటిగా రాయాలి. చక్కెరకు బదులు వాడే ఎరిథ్రిటాల్ అనే తీపి పొడి రక్తంలో చక్కెరను దాదాపు పెంచదు, కాకపోతే చక్కెర తీపిలో మూడింట రెండు వంతులే ఉంటుంది, ఫ్రిజ్‌లో చల్లబడ్డాక పలుకులు కడుతుంది. మెత్తగా పొడి చేసి, కొంచెం తగ్గించి, స్టీవియా (ఒక మొక్క ఆకుల నుంచి తీసే తీపి) ఒకటి రెండు చుక్కలు కలిపితే ఆ ఇబ్బంది తగ్గుతుంది. స్టీవియా ఒక్కటే ఎక్కువేస్తే చేదు దిగుతుంది. షాపుల్లో షుగర్ ఫ్రీ అని అమ్మే పొడుల్లో, బిస్కెట్లలో మాల్టోడెక్స్‌ట్రిన్, మాల్టిటాల్ ఉన్నాయేమో వెనక్కి తిప్పి చదవాలి. మాల్టోడెక్స్‌ట్రిన్ అనేది పిండి నుంచి తీసే పొడి, రక్తంలో షుగర్‌ను చక్కెర కంటే వేగంగా పెంచుతుంది. మాల్టిటాల్ అనే తీపి పదార్థం చక్కెరంత కాకపోయినా పెంచుతుంది, ఎక్కువైతే కడుపు ఉబ్బరం, విరేచనాలు. కేకుల మీద గిలక్కొట్టి వేసే క్రీమ్ చాలా చోట్ల పాల క్రీమే కాదు, చక్కెర కలిపిన వనస్పతి లాంటిది. ప్యాకెట్ మీదైతే కార్బోహైడ్రేట్లు, కలిపిన చక్కెర ఎంతో రాసి ఉంటుంది. విడిగా తూకం వేసి అమ్మే స్వీట్లకు 2020 అక్టోబర్ నుంచి ఎప్పటిలోగా తినాలో తేదీ పెట్టాలన్న రూలు వచ్చింది గానీ, షుగర్ ఫ్రీ కాజూ కత్లీలో ఏముందో చెప్పే కాగితం మాత్రం మా ఊరి షాపుల్లో నాకు కనబడలేదు.

సీతాఫలం సీజన్‌లో పాలమూరు బాలానగర్ కాయలు వచ్చినప్పుడు మీరు సీతాఫలం బాసుంది తప్పకుండా వేస్తారు. ఆ గుజ్జులో 100 గ్రాములకు 20 గ్రాములకు పైనే కార్బోహైడ్రేట్లు, దాన్ని మరిగించిన పాలలో కలిపితే రెండూ కలిసి మీద పడతాయి. రెండు చెంచాల గుజ్జు గట్టి పెరుగులో కలిపితే రుచి తెలుస్తుంది, షుగర్ మీద భారమూ తగ్గుతుంది.

ఈ వంటలు వేసేటప్పుడు రెండు మాటలు కూడా తోడు చేయండి. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ గోలీలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు అన్నం ఒక్కసారిగా మానేస్తే షుగర్ బాగా పడిపోయి కళ్ళు తిరుగుతాయి. డాపాగ్లిఫ్లోజిన్ రకం గోలీలు వేసుకునేవాళ్ళు కార్బ్స్ పూర్తిగా మానేస్తే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు తయారయ్యే ఆమ్లాలు) పెరిగి ఆస్పత్రి పాలయ్యే ప్రమాదముంది. డాక్టర్‌తో మాట్లాడి డోసు మార్చుకోకుండా ఎవరూ ఇలా కార్బ్స్ తగ్గించే పద్ధతి మొదలుపెట్టకూడదు. మీగడ స్వీటు కూడా చిన్న గిన్నెడే తినాలి, కొలెస్ట్రాల్ ఉన్నవాళ్ళు ఇంకా తక్కువ.

బతుకమ్మ, దసరా ప్రత్యేక పేజీలు మీరు ముందే సిద్ధం చేసుకుంటారని తెలుసు. ఈసారి షుగర్ వాళ్ళ కోసం వేసే ప్రతి స్వీటు కింద ఒక గిన్నెలో ఎన్ని గ్రాముల కార్బోహైడ్రేట్లు ఉంటాయో వేయండి, ఆ లెక్క న్యూట్రిషనిస్టుతో చూపించాకే అచ్చు వేయండి. బెల్లం, ఖర్జూరం, తేనె వేసిన వంటలు మామూలు స్వీట్ల పేజీలోనే ఉండనివ్వండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా