దహనం పాపం కాదు, అస్థికలకు మాత్రం చోటు కావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

హైదరాబాద్‌లో సమాధుల తోటలు నిండిపోయి క్రైస్తవ కుటుంబాలు పడుతున్న ఇబ్బందుల గురించి మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. ప్రభుత్వాన్ని స్థలం అడగడం న్యాయమే, అడగాల్సిందే. కానీ మా కతోలికుల వరకు అందులో రాని సంగతి ఒకటుంది. దహనం చేసుకోవడానికి మా శ్రీసభ 1963లోనే అనుమతి ఇచ్చింది. ఆ మాట గుడిలో ఎప్పుడూ వినబడదు కాబట్టి చాలామందికి అది ఇప్పటికీ పాపమే. దానివల్ల చావు జరిగిన ఇంట్లో ఎంత నలుగుతారో నేను దగ్గరగా చూస్తున్నాను.

నేను ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. మా విచారణలో, అంటే మా గుడి పరిధిలో, మరియ సేనాదళం అనే భక్తుల సంఘం తరఫున జబ్బుపడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి జపమాల చెప్పి వస్తుంటాం. జబ్బుపడ్డవాళ్లకు నూనె పూసి ప్రార్థించే అవస్థాభ్యంగనం కోసం ఫాదర్ గారికి కబురు పెట్టేది చాలాసార్లు మేమే. గుంటూరు జిల్లాలో మా ఊళ్లో ఎవరైనా పోతే ముందు అడిగేది గుడి గంట కొట్టారా అని. ఇక్కడ ముందు అడిగేది గొయ్యి దొరికిందా అని. పాత సమాధి ఉన్న కుటుంబాలు అదే తెరిపించి మళ్లీ అందులోనే పెట్టుకుంటాయి. పొట్టచేత పట్టుకుని వలస వచ్చి అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకు ఆ దారి కూడా లేదు. పెట్టె, ఫ్రీజర్ బాక్సు, వ్యాను, గొయ్యి, పైన సిమెంటు పని... ఒక్కోదానికి ఒక్కో రేటు. ఏడుస్తూనే అప్పు కోసం ఫోన్లు చేసుకునే కొడుకులను చూశాను.

మా విచారణలోనే ఒక ఇంటి సంగతి చెబుతాను. ఆయన ఆటో నడిపేవాడు, కిడ్నీ జబ్బుతో పోయాడు. ఆస్పత్రి ఖర్చులకే ఉన్నదంతా ఊడ్చుకుపోయింది. దగ్గర్లోని సమాధుల తోటలో అడిగిన డబ్బు కట్టలేక, భార్య, కొడుకు కలిసి మున్సిపాలిటీ దహనవాటికకు తీసుకెళ్లారు. గుడికి తీసుకురాలేదు. తెస్తే ఫాదర్ గారు తిడతారనుకున్నారట! గుడిలో గురువు చేసే దివ్యబలిపూజ లేదు, తీర్థజలం లేదు, సాంబ్రాణి లేదు. ఆమె బావగారు ఊరి నుంచి వచ్చి, "రేపు తీర్పునాడు వాడు ఏ ఒంటితో లేస్తాడమ్మా?" అని అందరి ముందూ అని, మంచినీళ్లైనా ముట్టకుండా వెళ్లిపోయాడు. తీర్పునాడు చనిపోయినవాళ్లంతా దేహంతో లేస్తారని మా విశ్వాసం.

నెల దాటాక మేం వాళ్లింటికి వెళ్లాం. బీరువా పైన, యేసు తిరుహృదయ పటం పక్కన, తెల్లగుడ్డ కట్టిన చిన్న కుండ ఉంది. గుడ్డ ముడి మీద భార్య ఆయన జపమాల చుట్టి పెట్టింది. పక్కింటివాళ్లు మంచి మనసుతోనే, కృష్ణలో కలిపి రండి, మేం తోడు వస్తాం అన్నారట. కలపాలో వద్దో తెలియక, అడగడానికి మొహం చెల్లక అలా ఉంచేసింది. "అక్కా, నిజంగానే ఆయన లేవడా?" అని నన్ను అడిగింది.

లేస్తాడమ్మా అని చెప్పాను. మట్టిలో కలిసినవాళ్లను, సముద్రంలో మునిగినవాళ్లను లేపే దేవుడికి బూడిద అడ్డమా? పునీత (సెయింట్) జోన్ ఆఫ్ ఆర్క్‌ను 1431లో ఫ్రాన్సులోని రువాఁ పట్టణంలో సజీవ దహనం చేసి, ఆ బూడిదను సీన్ నదిలో పోశారు. ఆమెకు సమాధే లేదు. అయినా 1920లో శ్రీసభ ఆమెను పునీతురాలిగా ప్రకటించింది. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు స్ముర్న పట్టణపు పీఠాధిపతి (బిషప్) పునీత పోలికార్పును కూడా మంటల్లోనే నిలబెట్టారు. వాళ్లకు పునరుత్థానం లేదని ఏ కతోలికుడైనా అంటాడా?

మరి పెద్దవాళ్లు వద్దన్నది ఎందుకంటే, దానికీ కారణం ఉంది. 1886లో రోము, అంటే పోపు గారి కార్యాలయం, దహనాన్ని నిషేధించింది. ఆ రోజుల్లో యూరప్‌లో కొన్ని సంఘాలు శ్రీసభ మీద పంతంతో, పునరుత్థానం లేదని చాటడానికే దహనాన్ని ప్రచారం చేశాయి. నిషేధం నిప్పు మీద కాదు, ఆ ఉద్దేశం మీద. కాలం మారాక 1963లో దాన్ని సడలించారు. 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రం 1176వ నిబంధన కూడా అదే చెబుతుంది: పాతిపెట్టే ఆచారాన్నే గట్టిగా ప్రోత్సహిస్తుంది, కానీ విశ్వాసానికి విరుద్ధమైన కారణంతో కోరుకుంటే తప్ప దహనాన్ని నిషేధించదు. డబ్బు లేకపోవడం విశ్వాసానికి విరుద్ధమైన కారణం కాదు. గొయ్యి దొరకకపోవడమూ కాదు.

అలాగని ఎలా పడితే అలా చేయొచ్చని కాదు. క్రీస్తు ప్రభువును సమాధిలో ఉంచారు కాబట్టి మాకు సమాధి చేయడమే మొదటి ఎంపిక. నేనూ అదే కోరుకుంటాను. చనిపోయినవారిని పాతిపెట్టడం మాకు చిన్నప్పుడు నేర్పిన ఏడు కరుణ కార్యాల్లో ఒకటి. రాజాజ్ఞకు భయపడకుండా శవాలను పాతిపెట్టిన తోబీతు కథ మా బైబిలులో ఉంది. దహనం తప్పనిసరైతే, ముందు దేహాన్ని గుడికి తెచ్చి పూజ చేయించుకుని, తర్వాత దహనవాటికకు తీసుకెళ్లడం మేలు. ఆ ఒంటికే జ్ఞానస్నానం జరిగింది, ఆ నాలుకే పూజలో ఇచ్చే దివ్యసత్ప్రసాదం అందుకుంది. దాన్ని మర్యాదగా సాగనంపాలి.

అస్థికల విషయంలో 2016లో పోపు ఫ్రాన్సిస్ గారి ఆమోదంతో రోము స్పష్టమైన సూచనలు ఇచ్చింది. వాటిని నీళ్లలో కలపకూడదు, గాలిలో చల్లకూడదు, బిడ్డల మధ్య పంచకూడదు, లాకెట్లలో దాచుకోకూడదు. మామూలుగా ఇంట్లోనూ ఉంచకూడదు. సమాధుల తోటలోనో, గుడిలోనో, అందుకోసం కేటాయించిన పవిత్ర స్థలంలోనో ఉంచాలి. ఇంట్లో ఉంటే ఆ తరం పోయాక పట్టించుకునేవాళ్లు ఉండరు. పవిత్ర స్థలంలో ఉంటే మనవళ్లు మరిచిపోయినా సంఘం ప్రార్థిస్తుంది. ఎన్నో అస్థికలను ఒకేచోట కలిపి భద్రపరచడానికి కూడా 2023 డిసెంబరులో వెసులుబాటు ఇచ్చారు, ఒక్కొక్కరి పేరూ అక్కడ రాసి ఉండాలనే షరతుతో. ఆ షరతు నాకెంతో నచ్చింది. ఆటో నడిపినవాడి పేరూ, ఆఫీసరు పేరూ ఒకే రాయి మీద ఉంటాయి.

ఆ ఆటో ఆయన భార్యను విచారణ గురువుల దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. చనిపోయినాయన పేరున పూజ చేసి, మా సేనాదళంలోని ఒక కుటుంబం ఒప్పుకుంటే వాళ్ల సమాధి పక్కన చిన్న గుంట తీయించి, కుండను అందులో పెట్టి ప్రార్థించారు. గంటలో అయిపోయింది. ఇంత సులువైన పనికి ఆ ఇల్లు నెలకు పైగా కుమిలిపోయింది.

ఖర్చు గురించీ ఒక మాట. పోపు ఫ్రాన్సిస్ గారు 2024లోనే పోపుల అంత్యక్రియల క్రమాన్ని తగ్గించి, మూడు పెట్టెల పాత పద్ధతి తీసేయించారు. 2025 ఏప్రిల్‌లో ఆయన్ని రోములోని మరియమాత మహాదేవాలయంలో, ఆయన కోరినట్లే, లాటిన్‌లో ఆయన పేరు తప్ప ఇంకేమీ చెక్కని సమాధిలో పెట్టారు. పోపు గారికి అది చాలినప్పుడు మనకు గ్రానైటు, పాలరాయి దేనికి? ఉన్నవాళ్లు కట్టించే పెద్ద సమాధులు లేనివాళ్ల గోతుల స్థలాన్ని మింగేస్తున్నాయి.

నవంబరు 2 వస్తోంది. సమాధుల పండుగకు అందరూ సున్నాలు వేసి, పూలూ కొవ్వొత్తులూ పట్టుకుని వస్తారు. గురువులు ఆ రోజు ప్రసంగంలో ఐదు నిమిషాలు ఈ విషయం చెప్పాలి. ప్రతి విచారణలో సమాధుల తోట ప్రహరీకి ఆనుకుని అస్థికల కోసం గూళ్ల గోడ ఒకటి కట్టించాలి. ఒక్కో గూడు అడుగు వెడల్పు ఉన్నా చాలు. ఒక సమాధి పట్టే చోట ఎన్నో కుటుంబాలకు సరిపోతుంది. దానికి రుసుము పెడితే కూలి చేసుకునేవాళ్లు కట్టగలిగేంతే పెట్టాలి, కట్టలేనివాళ్లకు విచారణే భరించాలి. పేర్ల పలక మాత్రం అందరికీ ఒకే కొలతలో ఉండాలి. మా విచారణ సలహా సంఘానికి ఈ మేరకు అర్జీ ఇచ్చాను. మిగతా విచారణల్లో ఉన్నవాళ్లు కూడా ఈ పండుగ లోపు తమ ఫాదర్ గారిని అడగాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
సికింద్రాబాద్