కూల్చే ముందు ఇంకో ఎస్టిమేట్ వేయించండి: రోడ్లు, భవనాల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రోడ్లు, భవనాల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను ప్రభుత్వంలో ముప్పై ఒక్క ఏళ్లు సివిల్ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. మీ శాఖలో కాదు లెండి, వేరే శాఖలో. సర్వీసులో ఏమేం కట్టానో ఎప్పుడడిగినా చెప్పగలను. కూల్చడానికి సంతకం పెట్టినవి ఎన్నో మాత్రం ఈమధ్యే కూర్చుని లెక్కేశాను. పదకొండు తేలాయి. వాటిలో కనీసం నాలుగు కూల్చాల్సినవి కావు. ఆ నాలుగే నా చేత ఈ ఉత్తరం రాయిస్తున్నాయి.

వాటిలో ఒకటి చిన్న పట్టణంలో నిజాం కాలంనాటి కచేరీ, అంటే సర్కారు ఆఫీసు. రాతి గోడలు, గానుగలో నూరిన డంగు సున్నం, టేకు దూలాలు, ముందు పొడుగాటి వరండా. దానికున్న జబ్బు ఏంటంటే రెండు గదులు కురుస్తాయి, ఒక మూల రావి వేరు దిగి గోడ నెర్రెబారింది. అంతే. కానీ కొత్త ఆఫీసుకు డబ్బు శాంక్షనయింది, స్థలం కావాలి. ‘శిథిలావస్థలో ఉన్నది, మరమ్మతుకు పనికిరాదు’ అని ఒక్క వాక్యం రాసి కండెమ్ చేశాను. మరమ్మతుకు ఎంతవుతుందో ఎస్టిమేట్ వేయమని నన్నెవరూ అడగలేదు, నేనూ వేయలేదు.

జేసీబీ వచ్చిన రోజు కాంట్రాక్టర్ మధ్యాహ్నానికల్లా నేల చదును చేస్తానన్నాడు. మూడు రోజులు పట్టింది. రెండున్నర అడుగుల గోడ, బకెట్ తగిలితే సున్నం పొడి రాలుతోంది తప్ప రాయి కదలడం లేదు. రెండో రోజు సాయంత్రం అక్కడి వాచ్‌మన్ పక్కకొచ్చి నిలబడి, “సారూ, పడిపోతదని రాసిన గోడ పడతలేదేంది?” అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. దూలాలు వేలంలో పోయాయి. మలబా, అంటే కూల్చిన రాళ్లూ మట్టీ అంతా ట్రాక్టర్లలో తీసుకుపోయి ఊరి చెరువు శికంలో, అంటే నీళ్లు నిలిచే నేలలో పోశారు. అంటే ఒక్క సంతకంతో ఒక భవనం పోయింది, చెరువు కూడా కొంత పూడింది.

అప్పట్లో ఎవరైనా దీన్ని తప్పన్నారంటే అది చరిత్ర మీద మమకారంతోనే. ‘వారసత్వ సంపద’ అంటూ పత్రికలో నాలుగు ముక్కలు రాస్తే, మేం ఇంజనీర్లం వాళ్లకు సెంటిమెంట్ ఎక్కువ అనుకునేవాళ్లం. ఇవాళ మీతో చెప్పాలనుకున్నది సెంటిమెంట్ కాదు. మన భాషలోనే, బస్తాల్లో, టన్నుల్లో చెప్పే లెక్క.

ఆ కచేరీ స్థానంలో పది వేల చదరపు అడుగుల కొత్త ఆఫీసు వచ్చిందనుకుందాం. చదరపు అడుగుకు 0.4 బస్తా సిమెంటు, 4 కిలోల స్టీలు అన్నది సైట్‌లో మేస్త్రీ కూడా చెప్పే మోటు లెక్క. అంటే 4,000 బస్తాల సిమెంటు, 40 టన్నుల స్టీలు. టన్ను సిమెంటు తయారవ్వాలంటే సుమారు 600 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. బస్తాకు 30 కిలోలన్నమాట. టన్ను స్టీలుకైతే రెండు టన్నులకు పైనే. సిమెంటుది 120 టన్నులు, స్టీలుది 80, మొత్తం 200 టన్నులు. ఇటుక, టైల్స్, అల్యూమినియం కిటికీలు, లారీల డీజిల్ ఇందులో కలపలేదు. ఆఫీసులో ఇంకా ఒక్క స్విచ్ కూడా వేయలేదు!

మన దేశంలో యూనిట్ కరెంటుకు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఆ లెక్కన 200 టన్నులంటే దాదాపు రెండు లక్షల ఎనభై వేల యూనిట్లు. ఆఫీసులో పదహారు ఏసీలు, రోజుకు ఎనిమిది గంటల చొప్పున, ఏడాదిలో నూటయాభై రోజులు, పదేళ్ల పాటు ఆడితే అయ్యే కరెంటు అది. కొత్త భవనం ఓపెనింగ్ నాడు రిబ్బన్ కత్తిరించేటప్పటికే ఆ పదేళ్ల బాకీ నెత్తిన పడుతుంది.

కొత్తది ఎంత ‘గ్రీన్ బిల్డింగ్’ అయినా ఈ బాకీ తప్పదు. తీరడానికి ఎన్నాళ్లు పడుతుందో అమెరికాలో చారిత్రక కట్టడాల పరిరక్షణ సంస్థ ఒకటి 2011లో లెక్కకట్టింది. కొత్త భవనం పాతదానికంటే ముప్పై శాతం తక్కువ కరెంటు వాడినా, దాన్ని కట్టడం వల్ల జరిగిన నష్టం పూడటానికి భవనం రకాన్ని బట్టి 10 నుంచి 80 ఏళ్లు పడుతుందని తేల్చారు. మన ప్రభుత్వ భవనాలను ముప్పై, నలభై ఏళ్లకే మళ్లీ కండెమ్ చేస్తున్నాం. ఒక బాకీ తీరకముందే ఇంకో బాకీ.

గోడల సంగతి కూడా చెప్పాలి. రెండడుగుల రాతి గోడ మధ్యాహ్నపు ఎండను లోపలికి చేరనివ్వకుండా గంటల తరబడి పట్టి ఉంచుతుంది. ఆ వేడి లోపలికి దిగే వేళకు ఆఫీసు మూసి అందరూ ఇళ్లకు పోతారు, కిటికీలు తీసి ఉంటే రాత్రి గాలికి గోడ మళ్లీ చల్లబడుతుంది. పదిహేను, పదహారు అడుగుల ఎత్తున కప్పు, దాని కింద వెంటిలేటర్లు, గోడ మీద నేరుగా ఎండ పడకుండా వరండా. ఇవి చూడచక్కగా ఉంటాయని పెట్టినవి కావు. కరెంటు లేని రోజుల్లో మే నెలలో మనుషులు కూర్చుని పనిచేయాలి కాబట్టి పెట్టారు. మనం ఏం చేశామంటే, పాత భవనం చేతికి రాగానే తొమ్మిది అడుగుల ఎత్తున ఫాల్స్ సీలింగ్ కొట్టి, వెంటిలేటర్లకు ప్లైవుడ్ బిగించి, వరండాను అల్యూమినియం పార్టిషన్లతో గదులు చేసి, ఆ గదులకు ఏసీలు పెట్టాం. ఇంత చేశాక, పాత బిల్డింగులో ఒకటే ఉక్కపోత అన్నాం.

కప్పులు ఎండను తిప్పికొట్టి చల్లగా ఉండేలా చేయాలని 2023లో మన రాష్ట్రం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. మంచి పనే. వేసవికి ముందు మిద్దె మీద తెల్లసున్నం కొట్టించే మా నాయనమ్మకు ఆ పాలసీ చదివి వినిపించి ఉంటే, ఇందులో కొత్తేముందిరా అనేది.

సున్నమంటే గుర్తొచ్చింది. పాత గోడల్ని నీళ్ల కంటే ఎక్కువగా పాడు చేసింది మన సిమెంటు ప్లాస్టరింగే. సున్నపు గోడ గాలి పీల్చుకుంటుంది. వానకు తడిస్తే ఎండకు ఆరుతుంది. దాని మీద సిమెంటు పూస్తే లోపలి తేమకు దారి మూసుకుపోతుంది. ఉప్పు తేలి, పెచ్చులు ఊడి, లోపలి సున్నం పిండైపోతుంది. ఏటేటా వానలు ఒక్కసారిగా కుమ్మరిస్తున్న ఈ రోజుల్లో ఈ తప్పు ఇంకా ఖరీదైపోయింది. సున్నమేమీ పుణ్యాత్మురాలు కాదు, సున్నపురాయిని కాల్చినా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కాకపోతే సిమెంటు బట్టీకి 1,450 డిగ్రీల వేడి కావాలి, సున్నానికి 900 డిగ్రీలు చాలు. పైగా సున్నం గట్టిపడుతూ గాల్లోంచి ఆ కార్బన్ డయాక్సైడ్‌ను కొంత వెనక్కి తీసుకుంటుంది.

సర్వీసు చివర్లో ఒక పాత స్కూలు భవనానికి సున్నపు ప్లాస్టరింగ్ చేయిద్దామని నిజంగానే ప్రయత్నించాను. రేటు ఎంత వేయాలో మా ఆఫీసులో ఎవరికీ తెలియదు. సున్నం నూరే గానుగ ఎక్కడుందని ఆరా తీస్తే, ఒకరి పొలం గట్టు మీద దాని రాతి చక్రం కనబడింది, బర్రెను కట్టేయడానికి వాడుతున్నారు. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి సున్నం నూరడం తెలిసిన మేస్త్రీ కోసం పక్క రాష్ట్రం దాకా ఫోన్లు చేశాను. ఈలోగా మార్చి వచ్చేసింది. బడ్జెట్ ల్యాప్స్ కాకూడదని సిమెంటే పూయించాం. మూడు వానాకాలాలకు పెచ్చులూడింది.

మంత్రి గారూ, మన దగ్గర జరిగిన మంచి పనులు లేకపోలేదు. కోఠీలో 1803 ప్రాంతంలో కట్టిన బ్రిటిష్ రెసిడెన్సీ కూలిపోయే దశకు వచ్చి, 2002లో ప్రపంచ స్మారకాల నిధి (వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్) వారి ప్రమాద జాబితాకెక్కింది. బాగుచేసి 2023లో మళ్లీ తెరిచారు. 1935 నాటి మొజంజాహీ మార్కెట్ రాళ్ల మీది మసి వదిలించి 2020లో ప్రారంభిస్తే, ఇప్పుడు అక్కడ ఐస్‌క్రీం తింటూ కూర్చోవడానికి చోటు దొరకదు. బన్సీలాల్‌పేట మెట్లబావిని చెత్తకుప్పగా వదిలేశాం. తవ్వి తీశాక నీళ్లు నిలిచాయి. కాచిగూడ స్టేషన్ 1916 నాటిది, దాని ముందు రోజూ ఆటోలు ఆగుతూనే ఉన్నాయి.

రెండోవైపు కూడా ఉంది. పాత సచివాలయం ఆవరణలోని 1888 నాటి సైఫాబాద్ ప్యాలెస్ 2020లో నేలమట్టమైంది. ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను పడగొట్టి అసెంబ్లీ కడదామన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేయకపోతే అదీ పోయేది. ఆ ప్యాలెస్‌లో ఏళ్ల తరబడి నడిచింది మీ శాఖ ఆఫీసులేనని మీకు నేను చెప్పాలా!

ఇక ఉస్మానియా ఆసుపత్రి. 1908 మూసీ వరద తర్వాత, ఆర్కిటెక్ట్ విన్సెంట్ ఎష్ గీసిన ప్లానుతో లేచింది. 2020 జులైలో వార్డుల్లోకి వాన నీళ్లు, మురుగు చేరాక పాత భవనం ఖాళీ చేశారు. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి పునాది వేశారు. రెండు వేల పడకల ఆసుపత్రిని ఆ పాత గోడల మధ్య నడపలేమన్న మాట నాకూ సమ్మతమే. ఆక్సిజన్ లైన్లు, లిఫ్టులు, ఆపరేషన్ థియేటర్లు వేరే సంగతి. అలాగే పాతదల్లా కాపాడాల్సిందేనని నేననడం లేదు. పునాది కుంగినవాటిని, తుప్పు పట్టి స్లాబు ఊడిపడుతున్న డెబ్బైల నాటి క్వార్టర్లను నేనైనా కూలుస్తాను. నా టెన్షనల్లా కొత్త ఆసుపత్రి తెరిచేదాకా పాత భవనానికి దిక్కెవరన్నదే. తాళం వేసిన భవనం వాడుకలో ఉన్న భవనం కంటే వేగంగా పాడవుతుంది. ఎవరూ కూల్చక్కర్లేదు, ఆ పని వానలే చేస్తాయి. అప్పుడు నాలాంటి ఇంజనీరు ఒకడు వచ్చి నిజాయితీగానే ‘మరమ్మతుకు పనికిరాదు’ అని రాస్తాడు.

మీ చేతిలో పనే కాబట్టి అడుగుతున్నాను. ప్రభుత్వ భవనం ఏదైనా సరే, కూల్చే ఫైలు మీ బల్ల మీదికి వచ్చినప్పుడు దానికి రెండు ఎస్టిమేట్లు జత చేయించండి. ఒకటి కూల్చి కట్టడానికి, రెండోది బాగు చేయడానికి. రెండింటి కిందా రూపాయలతో పాటు సిమెంటు బస్తాలు, స్టీలు టన్నులు, వాటికయ్యే కార్బన్ కూడా ఒక గడిలో రాయించండి. పైన చూశారుగా, కూడికలూ గుణకారాలే, అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) ఒక పూటలో చేసేస్తాడు. ఆ గడి నింపాల్సి వచ్చి ఉంటే నా నాలుగు భవనాల్లో రెండైనా ఇవాళ నిలబడి ఉండేవి.

సున్నం పనులకు సరైన రేట్లు కట్టించండి. రేటు లేని పనిని ఏ ఇంజనీరూ ఎస్టిమేట్‌లో రాయడు, ఏ కాంట్రాక్టరూ టెండర్ వేయడు. న్యాక్‌లో (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) తాపీ పని నేర్చుకుంటున్న పిల్లలకు గానుగ సున్నం కూడా నేర్పిస్తే, పదేళ్లలో మనకే మేస్త్రీలు తయారవుతారు. పాత కట్టడాల్లో నడుస్తున్న ఆఫీసుల వెంటిలేటర్లు తెరిపించమని ఒక సర్క్యులర్ ఇవ్వండి. దానికైతే పైసా ఖర్చు లేదు.

ఉస్మానియా విషయంలో ఒక్కటే కోరిక, అదీ ఈ వానాకాలం లోపే. ఆ ఆవరణలో 1908 వరదలో నూటయాభై మంది ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చింతచెట్టు ఉంది, దాన్ని అందరూ చూపిస్తారు. మీరు వెళ్లినప్పుడు చెట్టు దగ్గర ఆగిపోకుండా పాత భవనం మేడెక్కండి. కప్పు సందుల్లో మొలిచిన మొక్కల్ని వేళ్లతో సహా పీకించి, ఆ సందుల్ని సిమెంటుతో కాకుండా సున్నంతో నింపించండి. నలుగురు కూలీలకూ సున్నం తెలిసిన ఒక మేస్త్రీకీ పదిహేను రోజుల పని. మేస్త్రీ ఫోన్ నంబరు నా దగ్గర ఉంది.

ఇట్లు,
రిటైర్డ్ డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు,
హైదరాబాద్.