మీ బాస్‌కి పెరియర్ కథ చెప్పు

ఒరేయ్ మధూ,

కూల్‌డ్రింక్ ప్లాంట్‌లో క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌కి మారావని సంతోషించేలోపే మీ బాస్ చెప్పిన పాఠం కూడా రాశావు. గొడవ వస్తే ముందు ఏదో ఒక కారణం చెప్పేయాలట, లేకపోతే జనం అనుమానపడతారట! ఆయనకి పెరియర్ కథ చెప్పరా బాబూ, అదే, ఫ్రాన్స్‌వాళ్ల బుడగల మినరల్ వాటర్.

1990 మొదట్లో సంగతి. అమెరికాలో నార్త్ కరోలినాలోని ఓ కౌంటీ ల్యాబ్‌లో పరీక్షలకి స్వచ్ఛమైన నీళ్లు కావాలంటే పెరియర్ సీసా తీసేవాళ్లు. అంత నమ్మకం. రీడింగులు తేడాగా వచ్చేసరికి ముందు మెషీన్‌నే అనుమానించారు. తీరా చూస్తే సీసాలోనే బెంజీన్, కేన్సర్ తెచ్చే రసాయనం! ఉన్నది చాలా కొంచెమే, వెంటనే ప్రమాదమేమీ లేదని అక్కడ ఆహారం, మందుల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ కూడా అంది. అయినా కంపెనీ ఉత్తర అమెరికాలోని సరుకంతా వెనక్కి తీసుకుంది. ఇక్కడిదాకా శభాషే.

చెడింది ఆ తర్వాత. యంత్రం శుభ్రం చేసేటప్పుడు ఎవరో పొరపాటున బెంజీన్ ఉన్న ద్రావకం వాడారన్నారు. అదీ ఉత్తర అమెరికాకి వెళ్లే లైన్ ఒక్కదానిలోనేనట. ఎక్కడైనా ఇంతే కదా, ముందు కింద పనిచేసేవాడి మీదకి తోసేస్తారు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అబద్ధమో తొందరపాటో గానీ ఇది మాత్రం అతకలేదు. కొద్ది రోజుల్లోనే యూరప్‌లో అమ్మే సీసాల్లోనూ బెంజీన్ బయటపడింది. ప్రపంచమంతా కలిపి 16 కోట్ల సీసాలు వెనక్కి రప్పించాల్సి వచ్చింది.

అసలు కారణం వేరే. పెరియర్ నీళ్లు తీసే దక్షిణ ఫ్రాన్స్‌లోని వెర్జెజ్ ఊట దగ్గర వచ్చే గ్యాస్‌లోనే బెంజీన్ ఉంటుంది. దాన్ని పట్టి ఆపాల్సిన ఫిల్టర్లని వేళకి మార్చలేదు, అంతే. దాంతోపాటు ఇంకో గుట్టూ రట్టయింది. గ్యాస్‌నీ నీళ్లనీ విడివిడిగా తీసి మళ్లీ కలుపుతున్నారని! బుడగలు సహజమని లేబుల్ మీద వేసుకున్న గొప్పంతా పోయింది. 1992లో నెస్లే కొనేసింది. ఆ నెస్లే కూడా 2024లో, ఫ్రాన్స్‌లోని తన మినరల్ వాటర్లకి అనుమతి లేని ఫిల్టర్లు వాడామని ఒప్పుకుంది. పెరియర్ మళ్లీ అందులో ఉంది!

1993లో పెప్సీ డబ్బాల్లో సిరంజిలు దొరికాయని గోల లేచినప్పుడు ఆ కంపెనీ కారణాలు అల్లలేదు. డబ్బాలు ఎంత వేగంగా నిండి మూతపడతాయో వీడియో తీసి టీవీ వాళ్లకిచ్చింది. ఓ కొట్టు కెమెరాలో ఒకావిడ డబ్బాలో సిరంజి వేస్తూ దొరికిపోవడం వాళ్ల అదృష్టం, అది వేరే సంగతి.

ఇంతకీ మీ ప్లాంట్‌లో ఫిల్టర్ మార్చిన తేదీ రిజిస్టర్‌లో ఎవరు రాస్తారు? సంతకం ఎవరిది? అది చూసి రాయి.

నీ
శీను